ఎదురు తాపు

బల్ల మీద పాత దుప్పటి పరిచి
మూడు స్ప్రింగులు పక్కపక్కన పడుకోబెట్టాను.
ఒకటి డిపో నుంచి వచ్చింది, గ్రీజు కాగితం ఇంకా పూర్తిగా ఊడలేదు.
ఒకటి పోయినేడు పనికిరాదని రాసేసిన రైఫిల్లోంచి తీసి దాచింది.
మూడోది ఈ తుపాకీదే,
కొత్తదాని పక్కన రెండు చుట్లు పొట్టి.
ముసలితనంలో స్ప్రింగు వంగదు,
కుంగుతుంది.

చింతలవలస మీదికి ఎండ ఇంకా ఎక్కలేదు.
కిటికీ అవతల కొత్త బేచి
నూట ఇరవై బూట్లని ఒక్క బూటు చేసి నేలకేసి కొడుతోంది.

మజ్జి దమయంతి నిన్న సాయంత్రం వచ్చింది.
"నా తుపాకీ గాడిదలాగ తన్నేస్తంది సార్" అంది.
భుజం చూపించలేదు.
సెల్యూట్‌కి లేచిన చెయ్యి చెవి దాకా రాకుండానే దిగిపోవడం
నేనే చూశాను.
"అలవాటైపోద్దిలేవే" అన్నాడు వెనకాల హెడ్డు బెవర రామినాయుడు.
అలవాటయ్యేది భుజానికా తుపాకీకా
అని నేను అడగలేదు.

మా నాన్న లెంక సన్నాసి
నెల్లిమర్ల జూట్ మిల్లులో మగ్గాల జాబరు.
పరిగెత్తుకొచ్చిన షటిల్ తల కొట్టుకునే చోట
గేదెతోలు ముక్క బిగించేవాడు.
మెత్తటి తోలేస్తే షటిల్ అక్కడే సచ్చిపోద్ది,
రాయిలాంటిదేస్తే ఎగిరొచ్చి కన్ను తీసుకుపోద్ది.
ముక్కని పళ్ళ మధ్య పెట్టి కొరికి చూసి ఎంచేవాడు.
"దెబ్బని ఆపేద్దామనుకోకు గుంటడా.
తీసుకోవాల. తీసుకుని మెల్లగా ఒగ్గాల."

నేను స్ప్రింగుని కొరకలేను.
బొటనవేలితో నొక్కి, కళ్ళు మూసుకుని, వదులుతాను.
పొట్టిదే మెత్తగా ఉంది.
దమయంతికి అదే సుఖం కదా అంటాడు చూసేవాడు.
పట్టుకునేవాడు లేని బోల్టు వెనక గోడకి పోయి గుద్దుకుంటుంది,
ఆ గోడ పేరే భుజం.
దాచుకున్నదేమో మరీ బిర్రు,
ఖాళీ తూటా గుమ్మంలోనే ఇరుక్కుంటుంది.
గ్రీజు తుడిచి కొత్తదే ఎక్కించాను,
లోపలిదీ బయటిదీ, ఒకదాని కడుపులో ఒకటి.
బట్‌కి రబ్బరు పలక కూడా మార్చాను.

నేను పేరు చెప్పని ఊరొకటుంది.
ఆ తెల్లవారుజామున ఇదే బల్ల మీంచి
ఇరవై రైఫిళ్ళు లెక్కపెట్టి ఇచ్చాను.
చీకటి పడ్డాక ఇరవై తిరిగొచ్చాయి.
ఒక్కటీ ఇరుక్కోలేదు. ఒక్కటీ మొరాయించలేదు.
రిజిస్టర్లో "పనితీరు బాగున్నది" అని రాసి
పైవారు నా వీపు తట్టారు.
చిందిగుడ్డ దూర్చి లాగితే
పద్నాలుగు గొట్టాల్లోంచి తెల్లగా వచ్చింది,
ఆరింట్లోంచి నల్లగా.
ఆ ఆరు నంబర్లూ నాకు నోటికొచ్చు.
నన్నెవరూ అడగలేదు.
ఆ రాత్రంతా కుడి భుజం సలిపింది,
ఒక్క గుండైనా కాల్చని నాకు.

కొండ కింద రేంజిలో
ఆమెకి ఐదు గుండ్లు ఇచ్చాను.
అందరూ టార్గెట్ వైపు చూస్తారు.
నేను నేల వైపు చూస్తాను,
ఖాళీలు ఎక్కడ రాలుతున్నాయో.
మొదటిది ఎగిరి తుమ్మపొదలో పడింది.
గ్యాసు ఒక గాటు తిప్పి, మళ్ళీ కాల్చమన్నాను.
నొక్కినప్పుడల్లా ఒకటి, నొక్కినప్పుడల్లా ఒకటి.
మిగతా నాలుగూ కుడిపక్క మూడడుగుల దూరంలో
చేటంత జాగాలో పడ్డాయి.

"ఏటమ్మా, ఎలాగుంది?"
భుజం తడుముకుంది. చాలాసేపు ఆలోచించింది.
"తంతంది సార్.
కానీ సెప్పి తంతంది."

ముళ్ళలో చెయ్యి పెట్టి ఐదోదీ ఏరుకున్నాను.
ఇచ్చినవి ఐదు, వచ్చినవి ఐదు.
అది తప్పని తెలిసీ వేడిగానే జేబులో వేసుకున్నాను.
కోత్ గది దాకా నడిచి
రిజిస్టరు తెరిచి
సంతకం పెట్టేదాకా
తొడ మీద అవి చల్లారలేదు.